సత్తు బేసిన్ రేడియో స్టేషన్

పెళ్ళయి ఈ ఉక్కు ఫ్యాక్టరీ ఊరు భిలాయి వచ్చిన కొత్తలో మా ఆయనకి నేనంటే పడదనుకున్నాను. ఉప్పు అందించమని అడగడానికి కూడా వీధి చివరికి వినపడేలా అరిచేవాడు. నాదీ చిన్న నోరేం కాదు. "ఉప్పే కదా, దానికెందుకండీ అంత రంకె?" అని నేనూ అరిచేదాన్ని. మా అత్తగారు నవ్వేసేది. "కోపం కాదే అమ్మా, మిల్లు గొంతది. ఈ కోటర్లలో మగోళ్ళందరూ ఇలగే మాటాడతారు. నువ్వూ అలవాటు పడిపోతావు" అనేది.

నిజమే. మా రుఆబాంధా వీధిలో సెలవు రోజున నలుగురు మగవాళ్ళు నిలబడి కుశలాలు అడుగుతుంటే కొట్లాటేమోనని నేను గుమ్మంలోకి పరిగెత్తేదాన్ని. మా ఆయన రైలు పట్టాలు తయారయ్యే మిల్లులో ఫిట్టరు. అక్కడ నోటితో చెప్పేది సగం, చేతులతో చూపేది సగం. ఆ అలవాటే ఇంటికీ వచ్చేది. పప్పు కావాలంటే పప్పు అనకుండా గిన్నె ఆకారం గాల్లో గీసేవాడు. మా విజయనగరం వైపు పల్లెలో పెరిగిన నాకు ఇదంతా వింత. ఆయన పుట్టిందే ఇక్కడ. హిందీ బడిలో చదివాడు, తెలుగు మా అత్తగారి నోట విన్నదే తప్ప చదవడం, రాయడం రాదు.

తొంభైల మధ్యలో ఈయనకి రేడియో పిచ్చి పట్టింది. పట్టించినది మా వెనక వీధిలో ఉండే బెంగాలీ దాదా. ఎక్కడెక్కడో వైర్‌లెస్ ఉద్యోగం చేసి రిటైరై కూతురి దగ్గర ఉండేవాడు. ఇంట్లో ఒక మూల బల్ల మీద సొంత రేడియో స్టేషన్ పెట్టుకుని, మోర్స్ కోడ్‌లో టకటకా కొడుతూ ఊళ్ళవాళ్ళతో, దేశాలవాళ్ళతో ముచ్చట్లాడేవాడు. టెలిఫోను లేదు, బిల్లు లేదు. కావలసిందల్లా ఒక పరీక్ష, ఒక లైసెన్సు, ఒక సెట్టు. పరీక్ష మనం రాయగలం, లైసెన్సు వాళ్ళిస్తారు, సెట్టు మాత్రం మా జీతానికి అందేది కాదు. "కొత్తది ఎందుకు? పాత సామాన్లలోనే సెట్టు దాగి ఉంటుంది, ఏరుకోవడమే" అన్నాడట దాదా. ఆ ఒక్క మాట నా సంసారాన్ని తిప్పేసింది.

అప్పటినుంచి ప్రతి ఆదివారం సుపేలా సంత. నేను కూరగాయలకి, ఆయన పాత సామాన్లమ్మే కబాడీ దుకాణాలకి. సంచి మాత్రం ఒక్కటే. కాకరకాయల కింద కండెన్సర్లు, కొత్తిమీరలో రాగితీగ చుట్ట. ఎవరి పెళ్ళిలోనో కట్నంగా ఇచ్చిన వాల్వు రేడియో ఒకటి, పెట్టె పగిలి పేగులు బయటపడ్డది, దొరికింది. అది వినడానికి. కాలిపోయిన స్టెబిలైజర్ లోంచి ట్రాన్స్‌ఫార్మర్ పీకాడు. అది కరెంటుకి. హాక్‌సా బ్లేడు ముక్కని చెక్కకి బిగించి మోర్స్ కొట్టే కీ చేశాడు. టూత్‌పేస్టు మూతలు నాబ్‌లయ్యాయి. ఊరంతా ఇనుము కరిగించి పోస్తున్నా ప్లాంటు నుంచి మా ఇంటికి ఒక్క బోల్టు కూడా రాలేదు, ఆ విషయంలో మా ఆయన మహా పట్టుదల మనిషి. అన్నీ కబాడీ నుంచే రావాలి. మా అత్తగారు ఆ గుట్టని చూసి, "నాయనా, ఇవన్నీ కబాడీవోడికి మళ్ళీ ఎప్పుడు అమ్ముతావు?" అని ఆశగా అడిగేది.

అంతవరకూ నేను నవ్వుతూనే ఉన్నాను. నా బేసిన్ కనపడకుండా పోయిన రోజున మాత్రం ఒళ్ళు మండింది.

"నా బేసినేదండీ?"

"ఏ బేసినే?"

"మా అమ్మ సారెలో ఎట్టిన సత్తు బేసిను. పిండి కలుపుతాను, అది."

ఆయన పక్కకి జరిగాడు. బల్ల మీద నా బేసిన్ బోర్లా పడి ఉంది. అడుగుకి కన్నాలు. కన్నాల్లోంచి ఒక వాల్వు, రెండు తీగచుట్టలు తలలెత్తి చూస్తున్నాయి. ట్రాన్స్‌మిటర్ అట.

"సత్తయితే సుళువుగా కోసుకోవచ్చే. పైగా పనికొచ్చే లోహం. ఇనుము దీనికి పనికిరాదు" అన్నాడు, నేను మెచ్చుకుంటానన్నట్టు.

"ఇనప ఊళ్ళో కాపురం ఉంటా నా సత్తు బేసినే దొరికిందేటండీ మీకు?"

నేను పుట్టింటికి పోతానన్నాను. ఆయన కొత్త బేసిన్ తెస్తానన్నాడు. సారె బేసినూ కొట్టు బేసినూ ఒకటేనా అని నేను. కొన్నాళ్ళు మా ఇంట్లో చపాతీ పిండి అన్నం గిన్నెలో తడిసింది. చివరికి నేనే ఒక షరతు పెట్టాను. "నా బేసిన్లో ఏటి జరుగుతాదో నాకు తెలియాల. ఆ టకటకలు నాకూ నేర్పండి. లేదంటే కన్నాలకి మాట్లేయించి పట్టుకుపోతాను." ఆయన బతికిపోయానన్నట్టు ఒప్పేసుకున్నాడు.

మోర్స్ అంటే ఏముంది, పొట్టి శబ్దం, పొడుగు శబ్దం. ఆ రెంటితోనే ఇంగ్లీషు అక్షరాలన్నీ. దాదా ఇచ్చిన కాగితం చూడగానే నాకు మా బడిలో తెలుగు మాస్టారు బెత్తం ఊపుతూ చెప్పించిన లఘువులూ గురువులూ గుర్తొచ్చాయి. మూడేసి శబ్దాల అక్షరాలు సరిగ్గా ఎనిమిది, మన యమాతారాజభానస గణాలూ ఎనిమిదే. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. న గణం కొడితే ఎస్, మ గణం కొడితే ఓ. నేను బల్ల గుద్ది మరీ నవ్వాను. పరీక్షల కోసం కడుపులో తిట్టుకుంటూ బట్టీ పట్టిన ఛందస్సు, పిండి బేసిన్లో పనికొస్తుందని ఎవరనుకున్నారు!

ఆపైన ప్రతి అక్షరానికీ ఒక తెలుగు మాట కట్టుకున్నాను. కాపురం అంటే కె. వంకాయ అంటే జి. దోసెలు అంటే డి. భిలాయి అంటే ఆర్, విశాఖ అన్నా ఆరే. రెండూ జ గణమే. అక్కడిదాన్ని ఇక్కడికి తెచ్చి పడేసినా తూకం మారలేదని ఆ రోజు చిన్న సంతోషం కలిగింది. గాలిలో ఎవరైనా ఉన్నారా, నాతో మాట్లాడతారా అని పిలవడానికి సి, క్యూ అని కొట్టాలి. దానికి నా కట్టు "ఆవకాయ, కారం ఇదీ". నేను గరిటెతో గిన్నె మీద అదే కొడుతుంటే మా అత్తగారు వచ్చి, "ఏటే, రేడియోలో ఆవకాయ అమ్ముతారేటి?" అంది. మా ఆయనకి గణాలు తెలియవు గానీ ఈ మాటలు మాత్రం నచ్చాయి. ఎదురెదురుగా కూచోబెట్టుకుని నేను మాట చెబితే ఆయన కీ కొట్టేవాడు. ఆయన చేతివాటం ఎంత బాగుండేదో! దాదా విని, "మెషీన్‌లా కొడుతున్నాడు బహూ" అన్నాడు.

ఏరియల్ సంగతి చెప్పకపోతే మా అత్తగారు నన్ను క్షమించదు. మా క్వార్టర్ కప్పు మీది గొట్టం నుంచి వెనక మునగచెట్టు దాకా ఆయన పొడుగాటి రాగితీగ కట్టాడు. పనయిందని స్నానం చేసి వచ్చేసరికి దాని మీద మా అత్తగారి చీర, పక్కింటి వాళ్ళ దుప్పట్లు, ఎవరివో పిల్లల నిక్కర్లు. వీధిలో ఆడవాళ్ళందరూ ఆయన్ని మెచ్చుకున్నారు, ఇన్నాళ్ళకి ఒక్క మగాడు ఆడవాళ్ళ కష్టం తెలుసుకుని దండెం కట్టాడని. ఇది దండెం కాదని చెప్పే ధైర్యం ఆయనకి లేకపోయింది. పక్కన ఇంకో తీగ కట్టి అందరినీ బతిమాలి దాని మీదికి మార్పించాడు. అయినా మా అత్తగారు మాత్రం, "రాగి మీద బట్ట తొందరగా ఆరతాది" అని తన చీర అక్కడే వేసేది.

ఇక పరీక్ష దగ్గర పడింది. ఇక్కడే ఒక తేడా కనపడింది. కొట్టడంలో నాకన్నా మేటి అయిన మనిషి, విని రాయడంలో సున్నా. నేను కీ కొడితే పెన్సిల్ పట్టుకుని నా ముఖమే చూసేవాడు. రేడియోలో వచ్చేది అసలు రాయలేకపోయేవాడు. "స్పీకర్ ఖరాబు" అనేవాడు. సుపేలా వెళ్ళి ఇంకో పాత స్పీకరు తెచ్చేవాడు. అదీ ఖరాబే. హెడ్‌ఫోను మార్చాడు, వాల్వులు మార్చాడు, తీగలన్నీ విప్పి మళ్ళీ అతికాడు. మా ఇంట్లో గ్లాసులకన్నా స్పీకర్లు ఎక్కువయ్యాయి. ఎంత గట్టిగా పెట్టేవాడంటే, ఆ కూతలకి పక్కింటి భయ్యా వచ్చి మా ఇంట్లో ఏ జంతువుకైనా జబ్బు చేసిందా అని అడిగాడు. నేను దులిపేసేదాన్ని. "బుద్ధి పెట్టి వినండి! నాకు వినపడినది మీకెందుకు వినపడదు?" అని. ఆయన స్క్రూడ్రైవర్ తీసుకునేవాడు.

ఇద్దరం నాగపూర్ వెళ్ళి పరీక్ష రాశాం. రాత పరీక్ష ఇద్దరికీ పోయింది అనుకున్నాం, ఇద్దరికీ వచ్చింది. కీ కొట్టడం ఇద్దరికీ వచ్చింది. వినడంలో నేను గట్టెక్కాను, ఆయన తప్పాడు. ఆ రోజుల్లో మోర్స్ గట్టెక్కకపోతే దూరం వెళ్ళే బ్యాండ్ల మీద నోరెత్తనివ్వరు. కొన్నాళ్ళకి నా పేరు మీద లైసెన్సు వచ్చింది. దాదా మిఠాయి తెచ్చాడు. మా అత్తగారు దేవుడి దగ్గర పెట్టింది. మా ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి, "స్టేషన్ నీదేనే ఇక. నేను ముట్టుకుంటే నేరం" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఏళ్ళ తరబడి ఒక్కో ముక్కా ఏరి తెచ్చి కట్టిన మనిషి తన స్టేషన్లో తానే పరాయివాడయ్యాడు. నేను కూచుంటే ఆయన వరండాలోకి వెళ్ళిపోయేవాడు. లైసెన్సు వచ్చిన సంబరం నాకు మిగల్లేదు. ఆయన లేని బల్ల దగ్గర నాకేం పని? ఆవకాయ, కారం ఇదీ అని ఒకటికి రెండుసార్లు పిలిచి, ఎవరూ పలక్కపోతే హాయిగా కట్టేసేదాన్ని.

ఒకరోజు ఆయన నాకు వీపు పెట్టి కూచుని షూ పాలిష్ చేసుకుంటున్నాడు. టీ ఇమ్మంటారా అని అడిగాను. పలకలేదు. మళ్ళీ అడిగాను. లేదు. నాలో ఏదో అనుమానం కదిలింది. గొంతు మామూలుగానే పెట్టి, "ఏవండీ, మీ లుంగీ అంటుకుంది" అన్నాను. పాలిష్ సాగుతూనే ఉంది. "పక్కింటి భయ్యా మన రేడియో ఎత్తుకుపోతున్నాడు" అన్నాను. ఉహూ. ఆఖరికి "మీ అమ్మకి మళ్ళీ పెళ్ళి కుదిరింది" అన్నాను.

"ఏటన్నావే?" అంది మా అత్తగారు, వంటింట్లోంచి.

ఆయన మాత్రం తల తిప్పలేదు.

మా అత్తగారికి ముందు నవ్వొచ్చింది, తరవాత కొడుకు వీపు చూసి నవ్వు ఆగిపోయింది. చిన్నప్పుడు ఆయనకి చెవులు కారేవట. తగ్గిపోయిందనుకుంది. తగ్గలేదు, ఏటా కొంచెం కొంచెం వినికిడి తగ్గుతూ వచ్చింది. కానీ ఎవరికి తెలుస్తుంది? అందరూ అరిచి మాట్లాడుకునే వీధిలో, సగం మాటలు చేతులతోనే అయిపోయే పనిలో, చెవిటితనం దాక్కోవడానికి కావలసినంత చోటు ఉంది. మిగిలింది ఆయన మా పెదాలు చూసి పూరించుకునేవాడు. మేమంతా కలిసి బాగున్న స్పీకర్లన్నిటినీ బాగుచేస్తూ కూచున్నాం.

ఎదురుగా వెళ్ళి కూచుని అడిగాను. ఆయన బ్రష్ కింద పెట్టేశాడు.

"మెడికల్లో తెలిస్తే మిల్లు నుంచి తీసి కుర్చీలో కూచోబెట్టేస్తారే. అది సరే అనుకో. వినపడనోడు రేడియో కట్టేడంటే జనం ఏటంటారు? నాకే సిగ్గేసింది." పాలిష్ డబ్బాకి మూత పెట్టి అన్నాడు, "ఈ ఆదివారం అంతా విప్పి సుపేలాలో ఇచ్చేస్తాను. నీ బేసిన్‌కి మాట్లేయిస్తాలే."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. కోపమే ముందు బయటపడింది. "స్టేషన్ ఎవరి పేరున ఉందండీ? నా పేరున. లైసెన్సు ఉన్నదాన్ని నేను ఒప్పుకోకుండా ఒక్క స్క్రూ కదిపి చూడండి!" అన్నాను, పెదాలు బాగా కనపడేలా.

విప్పలేదు గానీ ఆ బల్ల దగ్గరికి రావడమూ లేదు. చెవి డాక్టరు దగ్గరికి మాత్రం లాక్కెళ్ళాను. మందులతో తిరిగొచ్చేది కాదన్నాడు.

వాన పడుతున్న ఒక సాయంత్రం స్పీకరు నిజంగానే ఖరాబైంది. దాని లోపలి కాగితం అంచు చిరిగి గరగరమంటోంది. "అది కొంచెం నొక్కి పట్టుకోండి, ఏమీ తెలియడం లేదు" అని చేత్తో సైగ చేసి పిలిచాను. వచ్చి, చిరిగిన చోట వేలు ఆనించాడు. నేను ఎవరో కొడుతున్నది రాసుకుంటున్నాను.

"ఇది భిలాయి కదేటి?" అన్నాడు.

నేను రాసిన అక్షరం చూశాను. ఆర్.

"ఇది వంకాయ. ఇదేటి, కాపురమా?"

నా చేతిలో పెన్సిల్ ఆగిపోయింది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. మిల్లులో గేర్‌బాక్సు బాగుందో లేదో వినడానికి ఎవరికీ కుదరదు, ఆ మోతలో చెవి ఉన్నా లేనట్టే. ఫిట్టర్లు అరచెయ్యి ఆనించి చూస్తారు. ఏ బేరింగు అరిగిందో చెయ్యే చెబుతుంది. రోజూ చేసే పనే అది. ఇంటికొచ్చాక ఆ చేతిని చెప్పులతో పాటు గుమ్మం బయట వదిలేస్తున్నాడన్నమాట, ఇన్నాళ్ళూ!

ఇక మా ఇల్లు ఇల్లు కాదు. వేలికి బాగా తగిలేలా రేడియో కూత దించి, బొంగురు చేసి, స్పీకరు ముందుండే జాలీ పీకేశాం. నేను కొట్టేదాన్ని, ఆయన వేలితో చదివేవాడు. మొదట్లో తప్పులు, తరవాత తక్కువ తప్పులు. దాదా వచ్చి చూసి తన వేలూ పెట్టి చూశాడు, ఆయనకి చక్కిలిగింత తప్ప ఏమీ తెలియలేదు. మా ఆయన మళ్ళీ బల్ల దగ్గర పీట వేసుకున్నాడు. నేను కీ కొట్టేదాన్ని, ఆయన వినేవాడు. లైసెన్సు వాళ్ళ నిబంధనల్లో వేలు పెట్టి వినకూడదని ఎక్కడా లేదు, నేను వెతికాను. కానీ గాలిలో వచ్చే సిగ్నల్ వేరు. సన్నంగా వస్తుంది, ఊగుతుంది, మధ్యలో పోతుంది. అది ఆయనకి అందుతుందో లేదో ఇద్దరికీ భయమే. నేను రాసుకుంటూనే ఉండేదాన్ని, ఆయన వేలు తప్పినప్పుడు చెవి ఉందని. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

వినాయక చవితి రోజులు. ఆదివారం పొద్దున్న నేను పిలవగానే ఒకాయన పలికాడు. విజయనగరం దగ్గరివాడు! నాకు కుర్చీలో కుదురు లేదు. మా ఊరు భిలాయి అని, నా పేరు ఇదీ అని కొట్టాను. పేరు చూసి తెలుగువాళ్ళమని పోల్చుకున్నట్టున్నాడు, ఏదో కొట్టడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే వీధి మొగలో పందిట్లో లౌడ్‌స్పీకరు లేచింది. "హలో, హలో, మైక్ టెస్టింగ్..." కిటికీ అద్దాలు అదిరాయి. తరవాత భజన. నాకు రేడియో కాదు కదా, నా గొంతు నాకే వినపడలేదు. తలుపు వేశాను, హెడ్‌ఫోను పెట్టుకున్నాను. ఏమీ లేదు. అంత దూరం నుంచి వచ్చిన మనిషి జారిపోతున్నాడని పెన్సిల్ బల్ల మీద విసిరికొట్టాను.

ఆయన కదల్లేదు. వేలు స్పీకరు మీదే ఉంది. పందిరి మోత ఆయన్ని తాకనే లేదు. కళ్ళు తెరిచి, నేనెందుకు ఆగానా అన్నట్టు చూసి, పెన్సిల్ తీసి నా చేతిలో పెట్టాడు. ఏదో అంటున్నాడు. నాకు వినపడటం లేదు. మొదటిసారి నేను ఆయన పెదాలు చూశాను.

బి. ఏ. జి. యు.

చూస్తూ రాశాను. ఎన్. ఇంకో ఎన్. ఏ. సిగ్నల్ ఊగినట్టుంది, ఆయన కనుబొమలు ముడిపడ్డాయి, వేలు ఇంకొంచెం మెత్తగా ఆనించాడు. ఆర్. ఏ. అంతే.

కాగితం ఆయన వైపు తిప్పాను. తెలుగు చదవడం రాని మనిషికి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. పెదాలు కదుపుతూ కూడబలుక్కున్నాడు. ముఖం ఎర్రబడింది.

"బాగున్నారా అని అడుగుతన్నాడే" అన్నాడు. అది నాకు వినపడింది. పందిరి భజన మీదుగా, మిల్లు గొంతుతో అరిచాడు.

నేను కీ మీద చెయ్యి వేశాను. మేం కొట్టేది మా రేడియోలో మాకూ వస్తుంది, కానీ ఆ మోతలో నేనేం కొడుతున్నానో నాకు తెలిసే దారి లేదు. ఆయన వేలు స్పీకరు మీద పెట్టి నా వైపు చూశాడు. బాగున్నాం అని కొట్టడం మొదలుపెట్టాను. ఒక్కో అక్షరం అందగానే ఆయన తల ఊపుతున్నాడు. ఆ ఊపే చూసుకుంటూ చివరి దాకా కొట్టాను.